గుర్రం మీద కాటన్ దొర: అక్రిలిక్, ఆయిల్ పొరలతో బొమ్మ వేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా సంక్రాంతి వెళ్లిందంటే గోదావరి డెల్టాలో ఏదో ఒక ఊరి నుంచి ఫోను వస్తుంది. మే 15న ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ జయంతి, లైబ్రరీకో స్కూలుకో పంచాయతీ ఆఫీసుకో దొరగారి బొమ్మ కావాలి, గుర్రం మీద ఉండాలి. వేసేది ఆ ఊరి కుర్రాడో, డ్రాయింగ్ మీద ఇష్టం ఉన్న అమ్మాయో, రిటైరైన మాస్టారో. కాన్వాస్ కొనేస్తారు. ఆ తర్వాత సందేహాలు మొదలవుతాయి. ఊరు మారినా మనుషులు మారినా సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. రుద్రమదేవిని వేసినా, మీ తాతగారిని పెళ్లి గుర్రం మీద వేసినా పద్ధతి ఇదే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

కాటన్ దొరని తెల్లగడ్డంతో వేయాలా, వయసులో ఉన్నట్టు వేయాలా?

బొమ్మలో ఆయన ఏ పని మీద ఉన్నారో దాన్నిబట్టి నిర్ణయించండి. ఆయన పుట్టింది 1803లో, పోయింది 1899లో. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. అంటే పని మొదలయ్యేటప్పటికి ఆయనకు సుమారు 44 ఏళ్లు. రోజంతా జీను మీద కూర్చుని గట్ల వెంట తిరగగలిగిన వయసు. చాలామంది ముసలితనపు ఫోటో ముందు పెట్టుకుని, ఆ ముఖాన్ని తెచ్చి పరిగెత్తే గుర్రం మీద పెడతారు. ముఖానికీ ఒంటికీ పొంతన కుదరదు. ఆ ఫోటోలో ముక్కు, కనుబొమల ఎముక, దవడ మాత్రం తీసుకోండి. వయసు తగ్గించండి. ఆయనకు సర్ బిరుదు 1861లో వచ్చింది కాబట్టి ఆనకట్ట కట్టే రోజుల బొమ్మలో కోటు మీద పతకాలు పెట్టకండి.

వెనకాల బ్యారేజీ గేట్లు వేస్తే బాగుంటుంది కదా?

వద్దు. ఇప్పుడు మనం చూసే గేట్ల బ్యారేజీ 1970ల్లో మొదలై 1982కి పూర్తయింది. కాటన్ కట్టించింది నదికి అడ్డంగా తక్కువ ఎత్తులో సాగే రాతి ఆనకట్ట. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని మధ్యలో లంకలతో నాలుగు భాగాలు. రాజమండ్రి దగ్గర గోదావరి మీది హేవలాక్ రైలు వంతెన కూడా 1900లో వచ్చిందే, దాన్నీ వేయకూడదు. నన్నడిగితే వెనకాల వెడల్పాటి నీళ్లు, దూరంగా ఒక లంక గీత, కొద్దిగా రాళ్లు చాలు. అడ్డంగా సాగే ఆ నీటి గీత మీద గుర్రం నిలువు బాగా ఎత్తుగా కనిపిస్తుంది.

ఆయిల్ ఒక్కటే వాడొచ్చు కదా, మధ్యలో అక్రిలిక్ ఎందుకు?

వాడొచ్చు. కానీ గుర్రం మీద మనిషి అంటే రెండు శరీరాలు, ఆరు కాళ్లు. తప్పులు తప్పకుండా వస్తాయి. అక్రిలిక్ నీళ్లతో కలిపే రంగు, అరగంటలో ఆరుతుంది, తప్పు కనిపించిన వెంటనే దాని మీద మళ్లీ వేసి సరిచేసుకోవచ్చు. ఆయిల్‌లో అదే తప్పు దిద్దాలంటే రోజులు ఆగాలి, లేదంటే బురదవుతుంది. ఆకారం, బరువు, వెలుగునీడల ఎక్కువతక్కువలు, ఈ నిర్ణయాలన్నీ అక్రిలిక్‌లోనే అయిపోవాలి. చర్మం మీది మెరుపు, ముఖంలో మెత్తదనం, నీటి మీది గాలి, ఇవి ఆయిల్ పని. ఆయిల్ దశకి వచ్చాక ఇంకా కాలు ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నారంటే అక్రిలిక్ దశ పూర్తికాలేదని అర్థం.

ఆయిల్ వేశాక దాని మీద అక్రిలిక్‌తో చిన్నచిన్నవి దిద్దుకోవచ్చా?

లేదు. ఆరిన అక్రిలిక్ మీద ఆయిల్ పట్టుకుంటుంది, ఆయిల్ మీద అక్రిలిక్ పట్టుకోదు. ఒకసారి తొందరలో గుర్రం చెవి అంచుని ఆయిల్ మీద తెల్ల అక్రిలిక్‌తో దిద్దాను. ఆ రోజు ఎవరికీ తేడా తెలియలేదు. ఏడాది తిరిగేసరికి ఆ చెవి అంచు ఉల్లిపొరలా లేచి వచ్చేసింది. గోటితో తాకితే ఊడి అరచేతిలో పడింది.

ఎంత సైజు కాన్వాస్ తీసుకోవాలి?

పోలిక ముఖ్యం అనుకుంటే ఎత్తు 4 అడుగులకు తగ్గకండి. అందులో గుర్రమూ మనిషీ కలిపి 3 అడుగులు తీసుకుంటే మనిషి తల సుమారు మూడున్నర అంగుళాలు వస్తుంది. ముఖం చూపించడానికి అది సరిపోతుంది. 2 అడుగుల కాన్వాస్ మీద తల రెండంగుళాలు కూడా రాదు. అంత చిన్న ముఖంలో పోలిక తేవడం చేయి తిరిగినవాళ్లకే కష్టం.

రెడీమేడ్ కాన్వాస్‌కి మళ్లీ జెస్సో కొట్టాలా? గోడలకి వేసే ప్రైమర్ పనికొస్తుందా?

జెస్సో అంటే రంగు పట్టుకోవడానికి ముందుగా పూసే తెల్ల పూత. అది మరో రెండు కోట్లు కొట్టండి. ఒకటి నిలువుగా, ఆరాక ఒకటి అడ్డంగా. మధ్యలో సన్న ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దండి. ముఖం వచ్చే చోట నేత గరుకు పోవాలి, నేల వచ్చే చోట గరుకు ఉన్నా మంచిదే. గోడ ప్రైమర్ వద్దు. అది గోడ కోసం చేసింది, బట్టతో పాటు సాగి ముడుచుకునే గుణం దానికి ఉంటుందని నమ్మలేం.

మే 15కి కావాలి. ఎప్పుడు మొదలుపెట్టాలి?

కనుమ అవగానే. ఆ నెలల్లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, పొరలు చక్కగా ఆరతాయి. జనవరి చివరికి జెస్సో, గీత. ఫిబ్రవరి అంతా అక్రిలిక్. మార్చి, ఏప్రిల్ ఆయిల్. మే మొదటి వారం ముట్టుకోకుండా వదిలేయాలి. ఏప్రిల్‌లో ఫోను చేసి నెలలో కావాలంటే మాత్రం పూర్తిగా అక్రిలిక్‌లోనే వేసి ఇవ్వండి. ఆరని ఆయిల్ బొమ్మకి దండ వేసి, జనం చేతులతో తడిమితే పని పాడైపోతుంది.

## గీత దశ

మా ఊళ్లో గుర్రాలే లేవు. ఏది చూసి గీయాలి?

పెళ్లి గుర్రాన్ని చూడండి. ఊరేగింపు మొదలయ్యే ముందు గంటసేపు ఏ కల్యాణమండపం బయటో నిలబెట్టి ఉంచుతారు. యజమానిని అడిగితే కాదనరు. అంబాజీపేట వైపు ఒక పెళ్లిలో అలా గంటన్నర నిలబడ్డాను. అలంకారం కింద గుర్రం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. వెనక కాలు ఒకటి సగం మడిచి, డెక్క కొనని మాత్రమే నేలకి ఆనించి, బరువంతా మిగతా మూడు కాళ్ల మీద వేసి నిలబడింది. కళ్లెం మూల దగ్గర నురగ. ఈగ వాలిన చోట మాత్రమే చర్మం అదిరింది, పక్కన కదల్లేదు. ఇవి ఫోటోలో దొరకవు. ఫోటో తీసుకోండి, కాని ముందు పదిహేను నిమిషాలైనా పెన్సిల్‌తో గీయండి.

విగ్రహాలూ ఉన్నాయి. ధవళేశ్వరంలో గుర్రం మీద ఉన్న కాటన్ విగ్రహం చుట్టూ తిరిగి నాలుగు వైపుల నుంచి గీస్తే కాళ్ల మధ్య ఖాళీలు ఎలా మారతాయో బాగా అర్థమవుతుంది. రాజమండ్రి దాకా వెళ్తే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ కూడా చూసి రండి. 1897లో పుట్టి 1925లోనే పోయిన ఆ చిత్రకారుడు ఒంటి బరువుని ఎంత తక్కువ గీతలతో నిలబెట్టారో దగ్గరగా నిలబడి చూడాలి.

నా గుర్రం కుక్కలాగానో గాడిదలాగానో వస్తోంది. ఎక్కడ తప్పు?

తొంభై శాతం కొలతలోనే. గుర్రం తల పొడవుని ఒక కొలతగా పెట్టుకోండి. మెడ మొదట్లో, భుజాల పైన ఎత్తుగా ఉండే చోటు నుంచి నేల దాకా సుమారు రెండున్నర తలలు. ఛాతీ నుంచి పిర్రల చివరి దాకా కూడా సుమారు రెండున్నర తలలే. అంటే కాళ్లతో సహా ఒంటిని ఒక చదరంలో పెట్టొచ్చు. కొత్తవాళ్లు ఒంటిని పొడవుగా లాగి కాళ్లు పొట్టిగా వేస్తారు, అప్పుడే కుక్క వస్తుంది. ఇంకొకటి, గుర్రం కన్ను తలకి పక్కన ఉంటుంది, ముందు కాదు. ఎదురుగా చూసే బొమ్మలో రెండు కళ్లూ మనిషి కళ్లలా మనవైపు చూస్తుంటే అది గుర్రం కాదు.

వెనక కాళ్లు ఎటు వంగుతాయో ఎప్పుడూ తికమకే. గుర్తుపెట్టుకునే మార్గం ఉందా?

ఉంది. మునివేళ్ల మీద నిలబడిన మనిషిని ఊహించుకోండి. గుర్రం వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చే కీలు మన మడమ. మోకాలు దానికి చాలా పైన, పొట్ట పక్కన ఉంటుంది. ముందు కాలి మధ్యలో మనం మోకాలు అనుకునేది నిజానికి మన మణికట్టు లాంటిది. డెక్క అంటే ఒకే ఒక్క వేలి గోరు. ఈ నాలుగు మాటలు కాన్వాస్ వెనక రాసిపెట్టుకున్నా తప్పులేదు.

దౌడు తీస్తున్నట్టు వేస్తే గంభీరంగా ఉంటుందా?

కాటన్‌కి నడక చాలు. నీటి మట్టం చూసుకుంటూ గట్టు మీద వెళ్లే మనిషి దౌడు తీయడు. దౌడే కావాలంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి. ముందు కాళ్లు ముందుకీ వెనక కాళ్లు వెనక్కీ బార్లా చాపి గాల్లో తేలుతున్నట్టు పాత బొమ్మల్లో కనిపిస్తుంది. అది నిజం కాదు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ వరస కెమెరాలతో ఫోటోలు తీసి చూపించాడు, నాలుగు డెక్కలూ నేల వదిలే క్షణంలో కాళ్లు పొట్ట కింద ముడుచుకుని ఉంటాయి.

మనిషిని గుర్రం మీద అతికించినట్టు ఉంది. కూర్చున్నట్టు ఎలా తేవాలి?

బొమ్మకి ప్రాణం ఇక్కడే ఉంది, దీనికి ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. మొదట గుర్రాన్ని మనిషి లేకుండా పూర్తిగా గీయండి. వీపు గీత భుజాల ఎత్తు దాటగానే కాస్త దిగుతుంది, రౌతు కూర్చునేది ఆ పల్లంలో. వీపు నడిమధ్యలో కూర్చోబెడితే జారిపోతున్నట్టు ఉంటుంది. తర్వాత ఒక దారానికి రాయి కట్టి గీత మీద వేలాడదీయండి. రౌతు చెవి, భుజం, తుంటి, మడమ ఒకే దారం మీదికి రావాలి. మోచేయి నుంచి చేతి మీదుగా కళ్లెం దాకా పగ్గం ఒక తిన్నని గీత. రికాబులో పాదం ముందు భాగం ఉంటుంది, మడమ కొద్దిగా కిందికి దిగుతుంది.

పరిమాణం కూడా చూడండి. గుర్రం తల మనిషి తలకి సుమారు రెండున్నర రెట్లు. దొరగారు పెద్దమనిషి కదా అని మనిషిని పెంచితే గుర్రం మేకపిల్లయిపోతుంది.

చివరిగా తొడ. జీను మీద తొడ గుండ్రంగా ఉండదు. ఒత్తిడికి వెడల్పుగా పరుచుకుంటుంది, ప్యాంటు ముడతలు మోకాలి వెనక నుంచి తుంటి వైపు సాగుతాయి. ఆ నాలుగైదు ముడతలు సరిగ్గా పడితే బరువు దిగినట్టే.

## అక్రిలిక్ అడుగు పొరలు

ఏ రంగుతో మొదలుపెట్టాలి?

కాన్వాస్ తెల్లదనం పోయేలా నీళ్లతో పల్చగా కలిపిన బర్న్ట్ సియెన్నా ఒక పూత. దాని మీద బర్న్ట్ అంబర్, అల్ట్రామరీన్ బ్లూ, టైటానియం వైట్, ఈ మూడింటితోనే మొత్తం వెలుగునీడలు కట్టేయండి. ఈ దశలో గుర్రం ఎరుపా తెలుపా అని చూడకండి. కళ్లు సగం మూసి చూస్తే ఎక్కడ ముదురు, ఎక్కడ లేత అన్నది తెలియాలి, అంతే.

అక్రిలిక్ ఎంత మందంగా వేయాలి? మెరుపునిచ్చే గ్లాస్ (gloss) మీడియం కలపొచ్చా?

పల్చగా, మెరుపు లేకుండా. నున్నగా మెరిసే పొర మీద ఆయిల్‌కి పట్టు తక్కువ. గ్లాస్ మీడియం ఈ బొమ్మలో వద్దు.

ప్లేట్‌లో రంగు పావుగంటకే గట్టిపడిపోతోంది. ఏం చేయాలి?

ఒక మూత ఉన్న స్టీలు డబ్బాలో తడి గుడ్డ మడతపెట్టి, దాని మీద బేకింగ్ కాగితం పరిచి, రంగు ఆ కాగితం మీద పెట్టుకోండి. మూత పెడితే మర్నాటికి కూడా మెత్తగానే ఉంటుంది. ఫ్యాను మాత్రం కాన్వాస్ వైపు తిప్పకండి.

అక్రిలిక్ అయ్యాక ఆయిల్ ఎన్ని రోజులకు మొదలుపెట్టాలి?

పైకి ఆరినట్టున్నా లోపలి నీరు పోవడానికి టైం పడుతుంది. పొడి రోజుల్లో మూడు రోజులు, ముసురు పట్టిన రోజుల్లో వారం. ఆ రోజుల్లో బొమ్మని అద్దంలో చూడండి. తిరగబడిన బొమ్మలో వంకర కాలు, వాలిన జీను ఇట్టే దొరికిపోతాయి. దిద్దుకోవడానికి అదే ఆఖరి అవకాశం.

## ఆయిల్ పొరలు

"ఫ్యాట్ ఓవర్ లీన్" అంటే తెలుగులో సరిగ్గా ఏమిటి?

కింద పొరలో నూనె తక్కువ, పై పొరల్లో నూనె ఎక్కువ. నూనె ఎక్కువున్న పొర నిదానంగా ఆరుతుంది, చాలాకాలం సాగే గుణంతో ఉంటుంది. అది అడుగున ఉండి, దాని మీద త్వరగా ఆరి బిగుసుకునే పొర వేస్తే పై పొర పగుళ్లిస్తుంది. ఎండిన చెరువులో బురద పైపెచ్చు పగిలినట్టే. మొదటి ఆయిల్ పొరకి రంగుని పల్చన చేసే టర్పెంటైన్ కాస్త. రెండో పొరకి ట్యూబులో రంగు ఉన్నది ఉన్నట్టు. మూడో పొరకి కొన్ని చుక్కల లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె. చుక్కలే సుమా, ఎక్కువైతే ముడతలు పడి పసుపెక్కుతుంది. రంగుల్ని బట్టి కూడా ఆరే వేగం మారుతుంది. బర్న్ట్ అంబర్ త్వరగా ఆరుతుంది, ఐవరీ బ్లాక్ చాలా నిదానం, కాబట్టి నల్లరంగుని అడుగు పొరలో మందంగా వేయకండి.

మా ఇంట్లో కొబ్బరి నూనెకి కొదవ లేదు. అది కలిపితే ఏమవుతుంది?

ఎప్పటికీ ఆరదు. ఆయిల్ రంగు ఆరడమంటే నీళ్లలా ఆవిరవడం కాదు, నూనె గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటం. అవిసె నూనెకి ఆ గుణం ఉంది, కొబ్బరి నూనెకి లేదు. కోనసీమలో ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, అడగడంలో తప్పేమీ లేదు. హార్డ్‌వేర్ షాపులో తలుపులకి అమ్మే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ కూడా వద్దు, అది ముదురు రంగుకి తిరుగుతుంది. చిత్రకారుల కోసం శుద్ధి చేసి అమ్మే చిన్న సీసా కొనుక్కోండి. టర్పెంటైన్ బదులు కిరోసిన్ కూడా వాడకండి.

తెల్ల గుర్రం వేస్తే సున్నం కొట్టిన గోడలా ఉంటోంది.

తెల్ల గుర్రంలో తెలుపు చాలా తక్కువ. పొద్దున ఎనిమిదింటికి కాలవ గట్టు మీద నిలబడిన తెల్ల గుర్రాన్ని ఊహించుకోండి. వీపు మీద ఆకాశం పడుతుంది, అక్కడ లేత నీలి ఛాయ. పొట్ట కింద చూస్తే పక్కనున్న వరిచేను పచ్చదనం పైకి కొట్టి, నీడలోనే ఆకుపచ్చ వెలుగు కనిపిస్తుంది. కాళ్ల లోపలి వైపు ఒండ్రు మట్టి ఛాయ. ముట్టె, కళ్ల చుట్టూ నల్లగా ఉంటుంది, ఎందుకంటే చాలా తెల్ల గుర్రాలకి వెంట్రుకలే తెలుపు, చర్మం నలుపు. ఇవన్నీ పోను అచ్చమైన తెలుపు మిగిలేది మెడ వంపు మీద, పిర్ర మీద, ముక్కు ఎముక మీద మాత్రమే. అక్కడ కూడా టైటానియం వైట్‌లో చిటికెడు యెల్లో ఓకర్ కలపండి. నీడలకి అల్ట్రామరీన్, బర్న్ట్ అంబర్ కలిపిన బూడిద రంగు, దాని మీద పొట్ట దగ్గర పల్చటి పచ్చ గ్లేజ్, అంటే అడుగు రంగు కనిపించేలా వేసే పొర. జింక్ వైట్‌కి దూరంగా ఉండండి, కాలం గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది.

ఎర్ర గుర్రానికి ఆ మెరుపు ఎలా వస్తుంది?

గ్లేజ్‌తో. అక్రిలిక్‌లో కట్టిన వెలుగునీడలు అడుగున ఉంటాయి కదా, వాటి మీద బర్న్ట్ సియెన్నాలో కొన్ని చుక్కల నూనె వేసి రంగుటద్దంలా పల్చగా పూయండి. ఎక్కువైన చోట మెత్తని గుడ్డతో తుడవండి. అది ఆరాక నీడల్లో అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామరీన్ కలిపి ఇంకొకటి. మెరుపు చుక్కలు అన్నిటికన్నా చివర, అవి నీలి ఛాయలో ఉండాలి, ఎందుకంటే మెరిసేది ఆకాశం.

వెనకాల గోదావరి ఏ రంగులో వేయాలి?

నెలను బట్టి. జులై, ఆగస్టుల్లో ఎర్ర నీరు, శీతాకాలం పొద్దున ఉక్కు రంగు. ఆనకట్ట పనులు నీరు తగ్గిన నెలల్లో సాగేవి కాబట్టి కాటన్ బొమ్మకి ఇసుక తిన్నెలు తేలిన గోదావరే సరైనది.

ఆరాక కొన్ని చోట్ల మెరుస్తోంది, కొన్ని చోట్ల మొద్దుబారి బూడిదలా ఉంది. పాడైందా?

పాడవలేదు. అక్కడ అడుగు పొర నూనెని పీల్చేసుకుంది, నల్ల జూలు దగ్గర ఎక్కువగా జరుగుతుంది. పొర ఆరాక, లిన్సీడ్ ఆయిల్‌లో కాస్త టర్పెంటైన్ కలిపి మొద్దుబారిన చోట మాత్రమే వేలితో పల్చగా రుద్ది, మిగిలింది గుడ్డతో ఒత్తి తీసేయండి. రంగు మళ్లీ లోతు తెచ్చుకుంటుంది.

## ఆరడం, ఆ తర్వాత

త్వరగా ఆరాలని ఎండలో పెట్టొచ్చా?

నేరుగా ఎండలో వద్దు, చట్రం వంకరపోతుంది. గాలీ వెలుతురూ వచ్చే వరండా మంచిది. గోడకి తిప్పి చీకట్లో పెట్టకండి, చీకట్లో నూనె పసుపెక్కుతుంది.

నూనె గుడ్డలు చెత్తబుట్టలో పడేస్తే ప్రమాదమా?

అవును, నిజంగా ప్రమాదం. లిన్సీడ్ ఆయిల్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలు ఉండచుట్టి ఒక మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే మంటలు అంటుకోవచ్చు. కొబ్బరాకు పాకల కింద బొమ్మలు వేసేవాళ్లు మనలో ఎంతమందో. పని అయ్యాక గుడ్డల్ని నీళ్లలో తడిపి మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి, లేదా ఒక్కొక్కటీ విడిగా బయట పరిచి ఆరనివ్వండి. ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు.

వార్నిష్ ఎప్పుడు?

ఆరు నెలల నుంచి ఏడాది. మేలో ఇచ్చిన బొమ్మకి మరుసటి సంక్రాంతి తర్వాత వెళ్లి, పొడి రోజు చూసి వేసి రండి. వర్షాకాలంలో వేస్తే తేమ చిక్కి పాలపొరలా తెల్లబడుతుంది.

రెండేళ్లకే కాన్వాస్ వెనక బూజు పట్టింది. ఏం చేయాలి?

ముక్కుకి గుడ్డ కట్టుకుని, బొమ్మని ఆరుబయటికి తెచ్చి, వెనక వైపు పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి. తడిగుడ్డ వేయకండి. ఆ తర్వాత గోడ చూడండి, చాలాసార్లు తప్పు గోడదే. వానకి చెమ్మగిల్లే బయటి గోడకి కాకుండా గదుల మధ్య గోడకి తగిలించండి. చట్రం కింది రెండు మూలలకీ సీసా బిరడా ముక్కలు అతికిస్తే వెనక అరంగుళం సందు వస్తుంది, గాలి ఆడుతుంది. ఏటా వానలు వెనకబట్టాక ఒకసారి దించి వెనక వైపు చూడమని లైబ్రరీ వాళ్లకి బొమ్మ ఇచ్చేటప్పుడే చెప్పి రండి.